లావు పుష్‌రాడ్ కోసం హెడ్డు కోయించాలా, కోయకుండా పని అవుతుందా?

కడప, రాయచోటి, రాజంపేట వైపు నుంచి కువైట్‌కు పోయి గ్యారేజీల్లో పనిచేసే వాళ్లు చాలామందే ఉన్నారు. అక్కడ వాళ్ల చేతికి అమెరికన్ వీ8 ఇంజన్లు (వీ ఆకారంలో ఎనిమిది సిలిండర్లు ఉండేవి) కూడా వస్తుంటాయి. ఇక్కడ మన దగ్గర బుల్లెట్లు, పాత జీపులు, అంబాసిడర్లు, ట్రాక్టర్లు, నీళ్ల ఇంజన్లు. బండ్లు వేరైనా హెడ్డు పని చేసేవాళ్లను అడిగే ప్రశ్న మాత్రం రెండు వైపులా ఒకటే. “అన్నా, లావు పుష్‌రాడ్ వేద్దామనుకుంటున్నా. హెడ్డులో రంధ్రం చాలడం లేదు. పెద్దది చేయించేదా?” పుష్‌రాడ్ అంటే కింద క్యామ్, లిఫ్టర్ తోసే తోపును హెడ్డులోని రంధ్రం గుండా పైనున్న రాకర్‌కు అందించే సన్నని గొట్టం. ఆ తోపుతోనే రాకర్ వాల్వును తెరుస్తుంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఇలా అడిగేవాళ్లలో ఎక్కువమందికి హెడ్డు కోయాల్సిన అవసరమే ఉండదు. కొందరికి అసలు లావు రాడ్డే అక్కర్లేదు. నిజంగా కావలసిన వాళ్లు కొద్దిమందే. వాళ్లకు కూడా హెడ్డు ముట్టుకోకుండా పోయే దారులు రెండు మూడు ఉన్నాయి. కోసిన లోహం మళ్లీ రాదు కాబట్టి ఆ దారులన్నీ చూశాకే మిల్లింగ్ (మిషను మీద కోత) దగ్గరికి పోవాలి.

మొదట తేల్చుకోవాల్సింది: రాడ్డు వంగిపోయిందా, పనిలో ఊగుతోందా?

ఈ రెండూ వేరు వేరు జబ్బులు. రాడ్డును బయటికి తీసి అద్దం మీద దొర్లిస్తే వంకర కనిపిస్తోందంటే అది వంగిపోయిన రాడ్డు. అద్దం మీద చక్కగానే దొర్లుతుంది, కానీ ఇంజన్ పై స్పీడులో వాల్వులు మాట వినడం లేదంటే అది పనిలో ఊగే రాడ్డు కావచ్చు.

వంగిపోయిన రాడ్డుకు కారణం దాదాపు ఎప్పుడూ రాడ్డులో ఉండదు. వాల్వు తన గైడులో, అంటే కాండం జారే గొట్టంలో, బిగుసుకుపోయి ఉంటుంది. లేదా టైమింగ్ తప్పి పిస్టన్ వాల్వును తాకి ఉంటుంది. స్ప్రింగు పూర్తిగా అణిగి చుట్టకు చుట్ట తగిలి ఉండొచ్చు, రాడ్డు పొడవు తప్పు వేసి ఉండొచ్చు. కొన్ని కొత్త తరం వీ8లలో పెట్రోలు ఆదా కోసం ఎనిమిదిలో నాలుగు సిలిండర్లను ఆపే ప్రత్యేక లిఫ్టర్లు ఉంటాయి. ఆ లిఫ్టర్ ఇరుక్కుపోతే ముందు వంగేది పుష్‌రాడ్డే.

మన వైపు కనిపించే కారణాలు ఇంకా మామూలువి. బోరుబావులకు కరెంటు మోటార్లు వచ్చాక అనంతపురం జిల్లాలో ఎన్నో డీజిల్ నీళ్ల ఇంజన్లు షెడ్డుల్లో మూలన పడ్డాయి. ఏళ్ల తర్వాత అవసరం పడి హ్యాండిల్ తిప్పి స్టార్ట్ చేస్తారు. ఎగ్జాస్ట్ వాల్వు కాండం తుప్పు పట్టి గైడులో అతుక్కుని ఉంటుంది. క్యామ్ తోస్తుంది, వాల్వు కదలదు, మధ్యలో రాడ్డు వంగుతుంది. ఇంకొకటి ఘాట్. గువ్వలచెరువు ఘాట్ దిగేటప్పుడు లోడు బండిని చిన్న గేరులో పెట్టి వదిలేస్తే చక్రాలే ఇంజన్‌ను తిప్పుతాయి. డీజిల్ గవర్నర్ ఇంధనాన్ని ఆపగలదు గానీ చక్రాలు తిప్పే స్పీడును ఆపలేదు. ఇంజన్ హద్దు దాటి తిరిగి, వాల్వు వేళకు మూసుకోక పిస్టన్‌కు తగులుతుంది.

ఇలాంటి చోట లావు రాడ్డు వేయడం అంటే ఫ్యూజు మాటిమాటికీ పోతోందని దాని చోట లావు రాగితీగ చుట్టినట్టే. రాడ్డు నిలబడుతుంది. వంగాల్సిన దెబ్బ రాకర్‌కో వాల్వు తలకో పిస్టన్‌కో పోతుంది. రెండు రాడ్లు మార్చుకుంటే పోయే చోట ఇంజన్ బోరు చేయించే ఖర్చు మీద పడుతుంది.

ఊగే రాడ్డు కథ వేరు. ఇంజన్ నిమిషానికి 6,000 తిరుగుడు మీద ఉంటే క్యామ్ 3,000 తిరుగుతుంది, అంటే ఒక్కో వాల్వు సెకనుకు 50 సార్లు తెరుచుకుంటుంది. గట్టి క్యామ్, గట్టి స్ప్రింగులు వేసిన ఇంజన్‌లో సన్నని రాడ్డు ప్రతిసారీ నడుం దగ్గర కొంచెం వంపు తిరిగి, మళ్లీ నిటారుగా అవుతూ వాల్వును విసురుతుంది. వాల్వు క్యామ్ చెప్పిన దారి వదిలేసి ఎగురుతుంది. బయటికి ఇది అచ్చం స్ప్రింగు చాలనట్టే కనిపిస్తుంది. అందుకే చాలామంది ఇంకా గట్టి స్ప్రింగులు వేస్తారు. భారం పెరిగి రాడ్డు ఇంకా ఎక్కువ ఊగుతుంది, జబ్బు ముదురుతుంది. లావు రాడ్డు నిజంగా పనికొచ్చేది ఈ జబ్బుకే.

బలం వేరు, బిరుసు వేరు

రాడ్లు కొనేటప్పుడు “క్రోమోలీ” అనే మాట బాగా వినిపిస్తుంది. క్రోమోలీ ఉక్కు మామూలు ఉక్కు కంటే బలమైనదే. అంటే శాశ్వతంగా వంగిపోవడానికి ఎక్కువ భారం కావాలి. కానీ బిరుసులో తేడా లేనట్టే. ఒకే కొలత గొట్టం మామూలు ఉక్కుతో చేసినా క్రోమోలీతో చేసినా ఒకే భారానికి దాదాపు అంతే ఊగుతుంది. అల్యూమినియం మాత్రం వేరు, దాని బిరుసు ఉక్కులో మూడో వంతు.

బిరుసు పెరగాలంటే కొలత మారాలి. గొట్టం లావు నాలుగో ఘాతంలో లెక్కకు వస్తుంది కాబట్టి బయటి వ్యాసం కొంచెం పెరిగినా బిరుసు చాలా పెరుగుతుంది. గోడ మందం లోపలి వైపు పెంచితే లాభం తక్కువ, బరువు ఎక్కువ. కింద లెక్క వేసి పెట్టాను. 5/16 అంగుళం రాడ్డును 1 అనుకుంటే మిగతావి ఇలా వస్తాయి.

| రాడ్డు బయటి లావు | గోడ మందం | బిరుసు | బరువు |
|---|---|---|---|
| 5/16 (7.94 మి.మీ.) | 2.03 మి.మీ. | 1.00 | 1.00 |
| 5/16 (7.94 మి.మీ.) | 2.67 మి.మీ. | 1.05 | 1.17 |
| 11/32 (8.73 మి.మీ.) | 2.03 మి.మీ. | 1.43 | 1.13 |
| 3/8 (9.53 మి.మీ.) | 2.03 మి.మీ. | 1.96 | 1.27 |
| 3/8 (9.53 మి.మీ.) | 3.05 మి.మీ. | 2.16 | 1.65 |

రెండో వరుస ఒకసారి చూడండి. అదే లావులో మందం గోడ రాడ్డు తెచ్చుకుంటే బరువు 17 శాతం పెరిగి బిరుసు 5 శాతమే పెరిగింది. మూడో వరుసలో అంతకంటే తక్కువ బరువుకు 43 శాతం బిరుసు వచ్చింది. ఈ విషయంలో అమ్మేవాళ్ల మాటల కంటే వెర్నియర్ కాలిపర్ మాట వినడం మేలు.

బరువు గురించి మరీ టెన్షన్ పడక్కర్లేదు. పుష్‌రాడ్ రాకర్‌కు తక్కువ కదిలే వైపున ఉంటుంది. రాకర్ నిష్పత్తి 1.5 అయితే పుష్‌రాడ్‌లో పెరిగిన ఒక గ్రాము వాల్వు దగ్గర 0.44 గ్రాముకు సమానం. నిష్పత్తి 1.7 అయితే 0.35 గ్రామే. భారం మాత్రం ఎదురు తిరుగుతుంది. వాల్వు తెరుచుకున్నప్పుడు స్ప్రింగు 160 కిలోల భారం ఇస్తుంటే 1.7 రాకర్ కింద రాడ్డు మీద పడేది 270 కిలోల పైమాటే. అందుకే ఈ చోట కాస్త బరువు ఎక్కువైనా బిరుసు ఎంచుకోవడమే సరైన బేరం.

హెడ్డులో రంధ్రం చేసే పని ఏమిటి?

కోయాలా వద్దా అని తేల్చే అసలు ప్రశ్న ఇది. అన్ని హెడ్లలో ఆ రంధ్రం ఒకే పని చేయదు.

1955లో వచ్చిన షెవర్లే స్మాల్‌బ్లాక్ వీ8 సంగతి తీసుకోండి. దాని పాత హెడ్లలో ఆ సన్నని గాడే రాడ్డును పక్కలకు జరగకుండా పట్టుకుంటుంది. రాడ్డు నిలకడగా ఉంటేనే రాకర్ వాల్వు నెత్తిన సరిగ్గా కూర్చుంటుంది. అలాంటి గాడిని పెద్దది చేశారంటే రాడ్డుకు దారి చూపేది పోయినట్టే. దానికి బదులుగా గైడ్ ప్లేట్లు (రాడ్డును గాడిలో పట్టి ఉంచే రేకులు) వేయాలి, లేదా తనంతట తానే వాల్వు మీద సర్దుకునే రకం రాకర్లు వేయాలి. ఏదో ఒకటే వేయాలి. రెండూ కలిపి వేస్తే ఒకదాన్ని ఒకటి లాగి రెండూ అరిగిపోతాయి. గైడ్ ప్లేట్ వేస్తే రాడ్డు ఉపరితలం గట్టిపరిచిన రకం కావాలి. మెత్తని రాడ్డును ప్లేటు రంపంలా కోసేస్తుంది, ఆ పొడి నూనెలో కలిసి బేరింగుల దాకా పోతుంది. ప్లేటు గాడి కూడా రాడ్డు కొలతకే ఉండాలి, 5/16 ప్లేటులో 3/8 రాడ్డు పట్టదు.

1997లో షెవర్లే కార్వెట్ కారుతో వచ్చిన ఎల్‌ఎస్ రకం వీ8 ఇంజన్లలో అలా కాదు. రాకర్ పీఠానికి బిగించి ఉంటుంది, పక్కకు తిరగదు. హెడ్డులో రంధ్రం రాడ్డుకు తోవ ఇవ్వడానికే తప్ప పట్టుకోవడానికి కాదు. అందుకే ఎల్‌ఎస్ వాళ్లకు ఈ పని తేలిక. చాలాసార్లు రంధ్రం మొత్తం పెద్దది చేయక్కర్లేదు, రాడ్డు తగిలే చోట కాస్త గీకితే చాలు.

తర్వాతి ప్రశ్న, రంధ్రం పక్కన ఏముంది? వీ8 హెడ్డులో పుష్‌రాడ్ దారి ఇన్‌టేక్ పోర్టును, అంటే సిలిండర్‌లోకి గాలి పోయే దారిని, ఒరుసుకుంటూ పోతుంది. పోర్టు అక్కడ నొక్కుకుపోయి ఉండటానికి కారణమే ఈ రాడ్డు. గోడ చిల్లు పడితే పోర్టు ఆ చిల్లు గుండా నూనె ఆవిరిని పీల్చుకుంటుంది. సైలెన్సర్‌లో నీలం పొగ, స్థిరపడని ఐడిల్, నూనె తరుగు. మెకానిక్ రింగులు మారుస్తాడు, వాల్వు సీళ్లు మారుస్తాడు, పొగ మాత్రం ఆగదు. నీళ్ల జాకెట్ వైపు చిల్లు పడితే నూనె పాలలా మారి వెంటనే తెలుస్తుంది, ఒక రకంగా అదే నయం. అంబాసిడర్‌లోని పాత 1489 సీసీ ఇంజన్‌లోనూ పోర్టులు, పుష్‌రాడ్లు ఒకే పక్కన ఉంటాయి. అక్కడా చేతికి పని పెట్టే ముందు ఆలోచించాలి.

పోత హెడ్లలో ఇంకో చిక్కు ఉంది. పోత పోసేటప్పుడు లోపలి ఇసుక అచ్చు కొంచెం జరిగితే గోడ ఒక పక్క మందంగా, ఇంకో పక్క పలచగా వస్తుంది. ఒకే నంబరు ఉన్న రెండు హెడ్లలోనూ ఇది వేరుగా ఉండొచ్చు. “మొన్న ఇదే మోడల్‌కు చేశాం, ఏమీ కాలేదు” అనే మాటకు అందుకే విలువ లేదు. అల్ట్రాసోనిక్ మందం మీటరుతో ప్రతి రంధ్రం దగ్గరా గోడ చూడాలి.

దారులు ఒక్కొక్కటిగా

*అదే లావు, మెరుగైన రాడ్డు.* హెడ్డు జోలికి పోనక్కర్లేదు, గైడ్ ప్లేట్లు అవే, తీసి మళ్లీ పాతవి వేసుకోవచ్చు. కంపెనీ రాడ్లతో పోలిస్తే బలం పెరుగుతుంది, బిరుసు పెద్దగా పెరగదు. మామూలు స్ప్రింగులు, కాస్త గట్టి క్యామ్ ఉన్న రోడ్డు బండికి ఇది చాలు. మాటిమాటికీ వంగే రాడ్డుకు ఇది మందు కాదని పైనే చెప్పాను.

*11/32 రాడ్డు.* నాకు అన్నింటికంటే నచ్చేది ఇదే. పావు మిల్లీమీటరు, అర మిల్లీమీటరు చోటు వెతుక్కుంటే చాలు, ఎన్నో ఎల్‌ఎస్ హెడ్లలో ఏమీ కోయకుండానే పడుతుంది. లాభం 43 శాతం. చూసుకోవాల్సింది ఒక్కటే. రాడ్డు లావు పెరిగినా కొనల్లోని గుండు మాత్రం పాత 5/16 కొలతలోనే ఉండాలి, ఎందుకంటే అది కూర్చునే లిఫ్టర్ గిన్నె, రాకర్ గిన్నె మారలేదు. గుండు తేడాగా ఉంటే అంచు మీద భారం పడి నెల తిరక్కముందే అరుగుతుంది. గైడ్ ప్లేట్లు ఉన్న ఇంజన్ అయితే ప్లేట్లూ 11/32వి దొరకాలి. దొరకకపోతే ఈ దారి మూసుకున్నట్టే.

*నడుం లావు, కొనలు సన్నం.* టేపర్ రాడ్డు. రాడ్డు ఎక్కువ వంపు తిరిగేది మధ్యలో కాబట్టి అక్కడ లావు పెట్టి, హెడ్డు రంధ్రంలోంచి పోయే పైకొనను సన్నగా ఉంచుతారు. తెలివైన ఉపాయం. ధర ఎక్కువ, పొడవు ముందే కచ్చితంగా కొలిచి ఆర్డర్ పెట్టాలి. సన్నం మొదలయ్యే చోటు మీ హెడ్డు రంధ్రానికి పైనో కిందో పడితే డబ్బు వృథా. కువైట్‌లో ఉన్నవాళ్లకు తెప్పించుకోవడం సులువు. కడపలో కూర్చుని తెప్పించుకుంటే కస్టమ్స్, కొరియర్, తప్పు వస్తే తిరిగి పంపే తిప్పలు, ఇవన్నీ కలిపి లెక్క వేయాలి.

*చేతి గ్రైండర్‌తో గీకడం.* డై గ్రైండర్, కార్బైడ్ బర్. దీన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్లు ఉన్నారు గానీ, ఎల్‌ఎస్ లాంటి హెడ్డులో ఒక పక్కన మాత్రమే తగులుతున్న రాడ్డుకు చోటు ఇవ్వాలంటే ఇదే సరైన పని. తగిలే చోటే తీస్తాం, తగలని చోట గోడ అలాగే ఉంటుంది. రంధ్రం మొత్తాన్ని 5/16 కొలత నుంచి 3/8కి పెంచడానికి మాత్రం ఇది వాడకూడదు. పదహారు రంధ్రాల్లో ఏ రెండూ ఒకలా రావు. పాత స్మాల్‌బ్లాక్ హెడ్ల గాడుల మీద అసలే వద్దు.

*మిల్లింగ్ మీద రంధ్రం పెంచడం.* దీని గురించి కింద విడిగా రాస్తాను.

*పెద్ద రంధ్రాలతో వచ్చే రేసు హెడ్డు కొనడం.* పెద్ద క్యామ్, పెద్ద వాల్వులు ఎలాగూ వేస్తున్నవాళ్లు హెడ్డు పనికి పెట్టే మొత్తం ఖర్చు వేసుకుంటే ఒక్కోసారి ఇదే చవక అవుతుంది. కానీ రేసు హెడ్డు పోర్టులు పెద్దవి. తక్కువ స్పీడులో గాలి మందకొడిగా పోయి ఊరి రోడ్ల మీద లాగుడు తగ్గుతుంది. పిస్టన్‌కు, వాల్వుకు మధ్య దూరం మళ్లీ కొలవాలి, రాకర్లు మారవచ్చు. లావు రాడ్డు కోసం మాత్రమే హెడ్డు కొనడం నాకు అర్థం లేని పనిగా తోస్తుంది.

మిల్లింగ్ చేయిస్తే ఎలా చేయించాలి

ముందు కోయకుండా కొలవండి. హెడ్డును బ్లాకు మీద అసలు గాస్కెట్‌తోనే బిగించి, వాల్వులకు మెత్తని చెకింగ్ స్ప్రింగులు వేయండి. లావు రాడ్డు పడితే అదే, పడకపోతే పాత రాడ్డే పెట్టి దానికి ఇంజనీర్ బ్లూ (తగిలిన చోట చెరిగే నీలి రంగు) పూసి క్రాంక్‌ను చేత్తో నిండుగా రెండు చుట్లు తిప్పండి. క్యామ్ ఒక చుట్టు పూర్తవుతుంది. రాడ్డు పైకీ కిందికీ నేరుగా కదలదు, రాకర్ కొన వంపు దారిలో పోతుంది కాబట్టి రాడ్డు తల కూడా కొంచెం ఊగుతూ పోతుంది. మూసి ఉన్నప్పుడు తగలని రాడ్డు సగం తెరుచుకున్నప్పుడు తగలవచ్చు. రంగు ఎక్కడ చెరిగిందో, పాత రాడ్డు అయితే ఎక్కడ గోడకు దగ్గరవుతోందో, అక్కడే లోహం తీయాలి. అన్ని స్థానాల్లోనూ చుట్టూ ఒక మిల్లీమీటరు ఖాళీ ఉంటే నేను తృప్తి పడతాను. గైడుగా పనిచేసే గాడికి ఈ లెక్క వర్తించదని మళ్లీ గుర్తు చేస్తున్నాను.

తర్వాత కోణం. వీ8లో పుష్‌రాడ్ హెడ్డు అడుగు ముఖానికి నిటారుగా ఉంటుందనుకోవద్దు. హెడ్డును టేబుల్ మీద బోర్లించి నేరుగా కట్టర్ దించితే రంధ్రం పైన ఒక పక్కకు, కింద ఇంకో పక్కకు పోతుంది. చోటు రావాల్సిన పక్క రాదు, పలచగా ఉన్న గోడ తెగుతుంది. హెడ్డును రాడ్డు కోణానికే వంచి బిగించాలి. పాత రంధ్రంలో ఒక నిటారు పిన్ను పెట్టి డయల్‌తో చూసుకుంటే కోణం దొరుకుతుంది.

ఉన్న రంధ్రంలోకి మామూలు డ్రిల్ బిట్ దించకూడదు. బిట్ మధ్యలో పట్టు లేక అంచులతోనే కొరుకుతుంది, వణుకుతుంది, అల్యూమినియంలో అయితే పట్టుకుని లాగేస్తుంది కూడా. ఎండ్‌మిల్‌తో గానీ బోరింగ్ బార్‌తో గానీ కొద్దికొద్దిగా తీసి, చివర రీమర్ వేయాలి. పోత ఇనుమును పొడిగానే కోయవచ్చు, అల్యూమినియానికి కిరసనాయిలు పోస్తూ ఉండాలి.

చిల్లు పడితే హెడ్డు పోయినట్టేనా? కాదు. రేసు హెడ్లలో కావాలనే గోడ తెగేదాకా పోర్టు పెంచి, పుష్‌రాడ్ దారిలో పలచని గొట్టం దిగ్గొట్టి అతికిస్తారు. అల్యూమినియం హెడ్డు అయితే వెల్డింగ్ చేసి మళ్లీ కోయవచ్చు. పోత ఇనుముకు వెల్డింగ్ నమ్మకం తక్కువ, గొట్టమే మేలు. అయితే ఆ గొట్టానికి చోటు కావాలంటే రంధ్రం ఇంకా పెద్దదవుతుంది. పని ఒక మెట్టు పెరిగింది, ఖర్చూ పెరిగింది.

కోశాక హెడ్డుకు ప్రెషర్ టెస్ట్ చేయించండి. వాడిన హెడ్డు గోడలో కనబడని పగుళ్లు కోత తర్వాతే బయటపడతాయి. నూనె దారులన్నీ బ్రష్‌తో కడగండి. హైడ్రాలిక్ లిఫ్టర్‌లోకి ఇనుప పొడి ఒక్క రేణువు చేరినా లిఫ్టర్ బిగుసుకోవచ్చు. అక్కడి నుంచి మళ్లీ వంగిన రాడ్డు దగ్గరికే వస్తాం.

ఎవరికి ఏది

ట్రాక్టరు, నీళ్ల ఇంజన్, డీజిల్ జీపు ఉన్నవాళ్లు హెడ్డు కోయించవద్దు, లావు రాడ్డూ వద్దు. ఆ ఇంజన్లు తిరిగే స్పీడుకు కంపెనీ రాడ్డే ఎక్కువ. వంగిందంటే గైడు, టైమింగ్, టాపెట్ (వాల్వుకు వదిలే సందు) చూడండి. పాత పెట్రోల్ జీపుల్లోని హరికేన్ ఇంజన్‌లో అయితే ఎగ్జాస్ట్ వాల్వులు బ్లాకులోనే ఉంటాయి. నాలుగు సిలిండర్లకు నాలుగే పొడవు పుష్‌రాడ్లు, అవీ ఇన్‌టేక్‌కే. రేసుకు పనికొచ్చే ఇంజన్ కాదది, ఉన్నది ఉన్నట్టు బాగుచేసుకుంటే చాలు.

బుల్లెట్ వాళ్లకు కొంచెం విడమర్చి చెప్పాలి. పాత ఇనుప ఇంజన్ 350లో బోరు 70 మి.మీ., స్ట్రోక్ 90 మి.మీ. పొడవు స్ట్రోక్, నెమ్మది తిరుగుడు. రాడ్లు అల్యూమినియం మిశ్రమం, కొనల్లో ఉక్కు. పాత రాడ్ల కొనలు వదులై టకటకమంటుంటే కొత్తవి వేయండి. ఉక్కు రాడ్లు వేయాలని ఉంటే వేయొచ్చు, లావు పెంచకుండానే బిరుసు వస్తుంది. కానీ అల్యూమినియం వేడికి ఉక్కు కంటే దాదాపు రెట్టింపు పెరుగుతుంది కాబట్టి రాడ్డు లోహం మారితే టాపెట్ సెట్టింగ్ చల్లగా ఒకసారి, వేడిగా ఒకసారి చూసుకోవాలి. యూసీఈ ఇంజన్లలో (ఇంజన్, గేర్‌బాక్స్ ఒకే పెట్టెలో ఉండే తర్వాతి బుల్లెట్ ఇంజన్లు) హైడ్రాలిక్ లిఫ్టర్లు ఉన్నాయి, ఆ టాపెట్ గొడవే లేదు. 2020లో వచ్చిన మీటియర్ 350, దాని తర్వాతి క్లాసిక్‌లు, 650 ట్విన్‌లు నడిపేవాళ్లు ఈ వ్యాసం ఇంతవరకు చదివి ఉంటే క్షమించాలి. మీ బండ్లలో క్యామ్ పైనే ఉంది, పుష్‌రాడ్లు లేవు.

అంబాసిడర్ వాళ్లకు కార్బ్యురేటర్, ఇగ్నిషన్, పోర్టు పని దగ్గర రావాల్సింది రాబట్టుకోవడమే మంచిది. ఆ హెడ్డులో పుష్‌రాడ్ కోసం గోడ తీస్తే పోర్టుకు మిగిలేది తగ్గుతుంది.

కువైట్‌లో రోజూ తిరిగే వీ8, కంపెనీ క్యామ్ మీదే ఉందంటే అదే లావు మంచి రాడ్లు. క్యామ్ మార్చి స్ప్రింగులు పెంచిన ఎల్‌ఎస్ అయితే 11/32, తగిలే చోట చేతి గ్రైండర్. పాత స్మాల్‌బ్లాక్‌ను అలాగే పెంచుతున్నవాళ్లు ముందు గైడ్ ప్లేట్ల సంగతి తేల్చుకోవాలి, తర్వాతే లావు గురించి మాట్లాడాలి. డ్రాగ్ రేసు కోసమే కట్టిన ఇంజన్, పెద్ద స్ప్రింగులు, 7,000 పైన తిరుగుడు అంటే మాత్రం 3/8 రాడ్డు, మిల్లింగ్ కోత న్యాయమైనవే. గోడ మీటరు చూసి భయపెడితే టేపర్ రాడ్డుకు మారండి.

హెడ్డు కోత మన ఊర్లోనే చేయించాలా అంటే, కడప, కర్నూలు, అనంతపురంలో ఫేసింగ్, గైడ్లు, సీట్లు బాగా చేసే షాపులు ఉన్నాయి. కోణం పెట్టి పదహారు రంధ్రాలు ఒకే కొలతకు తీయడం వేరే పని. దానికి రోటరీ ఫిక్చర్ ఉన్న మిల్లింగ్ కావాలి. అనంతపురం వాళ్లకు బెంగళూరు, కర్నూలు వాళ్లకు హైదరాబాద్, రెండూ 44వ నంబరు హైవే మీదే. కడప వాళ్లు చెన్నై పోవచ్చు. ఎక్కడికి పోయినా హెడ్డు ఒక్కటే తీసుకుపోవద్దు. కొత్త రాడ్డు ఒకటి, రాకర్ ఒకటి, గైడ్ ప్లేట్ ఉంటే అదీ, ఇంజనీర్ బ్లూ గుర్తులు చెరపకుండా హెడ్డూ పట్టుకుపోండి. కోత అయిపోయి హెడ్డు ఫేసింగ్ కూడా చేయించి ఉంటే రాడ్డు పొడవు మళ్లీ సర్దుబాటు రాడ్డుతో కొలిచాకే మిగతా పదిహేను రాడ్లు ఆర్డర్ పెట్టండి. ఇక మిషను మీద ఉన్న మేస్త్రీని ఒక్క మాట అడగండి, ఈ రంధ్రానికి కోణం ఎంత పెడతావని. “కోణమేంది బ్బా, నేరుగా దించేస్తా” అంటే హెడ్డు మళ్లీ బండిలో పెట్టుకుని వేరే షాపు చూసుకోండి.